మా ఇంటి వసపిట్ట

"ఈసారి మీ నాన్నగారి కలంలో కాస్త చమక్కు తగ్గిందమ్మా. ఒంట్లో బాగానే ఉంటోందా ఆయనకి?" అని అడిగాడు ఎడిటరు ఫోన్లో.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో నాన్న గడ్డం పట్టుకుని, రెండో చేత్తో జావ తాగిస్తున్నాను. చెంచా మూతి దగ్గరికి రాగానే ఆయన తల అటు తిప్పేశాడు. జావ మెడ మీదుగా కారి చొక్కాలోకి పోయింది.

"బాగానే ఉంటోందండీ. మీరన్నారని చెప్తాను," అన్నాను.

"చెప్పు. నొచ్చుకోకుండా చెప్పు. పెద్దాయన కదా."

నొచ్చుకోవాల్సిన మనిషిని నేనే. ఆ వారం కాలమ్ రాసింది నేను. దాని ముందు వారంది కూడా నేనే. నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పట్నించీ, అంటే ఇంచుమించు రెండేళ్లుగా, ఆదివారం ఆదివారం జనం చదువుకుని నవ్వుకునే ఆ కాలమ్‌ని నేను వంటింట్లో కూరగాయల తొక్కలు పక్కకి తోసి, ఆ బల్ల మీదే రాస్తున్నాను. రాశాక కింద "ఇట్లు, వసపిట్ట నాన్న" అని పెడుతున్నాను. ఆ వసపిట్టని కూడా నేనే.

మా నాన్న పేరు తెలియనివాళ్లు ఉంటే ఉండొచ్చు గానీ, వసపిట్ట అంటే తెలియనివాళ్లు లేరు. నాకు మూడేళ్లప్పుడు మొదలైందట. అప్పుడు నాన్న పత్రికాఫీసులో చిన్న సబ్ ఎడిటరు. ఎవరో వ్యాసం రాస్తానని ఎగ్గొడితే పేజీలో చోటు ఖాళీగా మిగిలింది. ఏదో ఒకటి రాసి నింపమన్నారు పైవాళ్లు. ఆ పొద్దున నేను వర్షం గురించి అడిగిన ప్రశ్నలన్నీ రాసి నింపేశాడు. వస పోసినట్టు ఒకటే వాగుతానని నాకు వసపిట్ట అని పేరు పెట్టాడు. జనానికి నచ్చింది. మళ్లీ వారం మళ్లీ రాశాడు. అలా మా నాన్న పెద్ద రచయిత అయ్యాడు.

అమ్మ అప్పటికే రేడియోలో పేరున్న గొంతు. పొద్దున పేపర్లో వచ్చిన కాలమ్‌ని మధ్యాహ్నం అమ్మ రేడియోలో చదివేది. నాన్న మాటలు ఒక గొంతుతో, నా మాటలు ఇంకో గొంతుతో. నా గొంతు కోసం ముక్కుతో, కాస్త నత్తిగా, చివర సాగదీస్తూ మాట్లాడేది. నేనెప్పుడూ అలా మాట్లాడలేదు. కానీ జనానికి నా గొంతంటే అదే. బస్సులో, దుకాణంలో, డాక్టరు దగ్గర, ఎక్కడికెళ్లినా "ఏదీ, ఒకసారి వసపిట్టలా మాట్లాడు" అనేవాళ్లు. మాట్లాడితే, "అబ్బే, మీ అమ్మ చేసినట్టు లేదే" అనేవాళ్లు. నన్ను నాలాగా చెయ్యడంలో నేను మా అమ్మకంటే వెనకబడ్డాను.

ఏడేళ్లప్పుడు ఒక పొద్దున పక్క తడిపాను. భయమేసి, తడిసిన గౌను బీరువా వెనక దాచాను. ఆ ఆదివారం పేపర్లో నా గౌను, బీరువా, నేను చెప్పిన అబద్ధం, అన్నీ వచ్చాయి. సోమవారం క్లాసులో టీచరు అందరికీ చదివి వినిపించింది. ఆవిడకి చెడు ఉద్దేశం ఏమీ లేదు. మా స్కూలు పిల్ల పేపర్లోకి ఎక్కిందని గొప్ప. నా పక్కన కూర్చునే అమ్మాయి తన సంచీ తీసుకుని రెండు బెంచీలు వెనక్కి వెళ్లి కూర్చుంది. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ దగ్గరికి తీసుకుని, "జనం నీమీద ప్రేమతో నవ్వుతున్నారే పిచ్చిదానా. ప్రేమకీ ఎగతాళికీ తేడా తెలీదా?" అంది. నాన్న గుమ్మంలో నిలబడి వింటున్నాడు. తర్వాతి వారం కాలమ్ ఆ ఏడుపు మీద వచ్చింది.

అప్పుడు అడిగాను, "మరి అన్నయ్య గురించి ఎందుకు రాయరు?" అని. అన్నయ్య నాకంటే నాలుగేళ్లు పెద్ద. వాడూ పక్క తడిపాడు, వాడూ దొంగతనంగా సిగరెట్టు కాల్చాడు, లెక్కల్లో తప్పాడు. వాడి ఊసు ఆ కాలమ్‌లో ఒక్కసారి కూడా రాలేదు. "మగపిల్లాడు కదే. రేపు పదిమందిలో తిరగాల్సినవాడు. వాడికంటూ ఒక పరువుండాలి," అంది అమ్మ. ఆవిడ ఆ మాట చాలా మామూలుగా అంది, బియ్యంలో రాళ్లేరుతూ అన్నట్టు. నాకు మాత్రం పరువంటే మగపిల్లల బట్టల్లాంటిదని, నా సైజులో కుట్టరని అప్పుడు అర్థమైంది.

నేను మాట్లాడ్డం తగ్గించేశాను. బల్ల దగ్గర ఏమన్నా ఆదివారానికి పనికొస్తుంది కాబట్టి, ఉప్పు కావాలన్నా లేచి నేనే తెచ్చుకునేదాన్ని. కానీ కాలమ్‌లో వసపిట్ట మాత్రం వాగుతూనే ఉంది. నేను మానేశాక నాన్న కల్పించి రాయడం మొదలెట్టాడు. కల్పించినవి ఇంకా బాగా పేలాయి.

నేను పెద్దమనిషి అయినప్పుడు "మా వసపిట్టకి రెక్కలు ముదిరాయి" అని రాశాడు. ఎక్కడా ఆ మాట లేదు. అంత పెద్ద రచయిత అలాంటి మాట రాస్తాడా? చుట్టూ తిప్పి తిప్పి, అయినా అందరికీ అర్థమయ్యేలా రాశాడు. ఆ సాయంత్రం వీధి చివర దుకాణానికి వెళ్లాను. కొట్టువాడు నేనింకా నోరు తెరవకముందే నాకు కావాల్సింది పాత పేపర్లో చుట్టి, బల్ల మీద పెట్టి నవ్వాడు. ఆ పేపరు ఏ రోజుదో చూసుకునే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

కాలేజీలో ఉండగా ఒక కథ రాశాను. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, వేరే పేరు పెట్టుకుని ఒక పత్రికకి పంపాను. వేశారు. ఆ వారం రోజులు నేను నేల మీద నడవలేదు. ఎవరూ నన్ను చూసి నవ్వని ఒక పేరు దొరికింది నాకు. తర్వాత ఆ పత్రికవాళ్లు పంపిన కాపీ నాన్న చేతిలో పడింది. ఆదివారం "మా వసపిట్ట గుడ్డు పెట్టింది" అని వచ్చింది. నేను పెట్టుకున్న పేరు మీద ఒక జోకు, నా కథలో ఏడ్చే అమ్మాయి మీద రెండు జోకులు. మధ్యాహ్నం అమ్మ నా కథలోంచి రెండు వాక్యాలు రేడియోలో చదివింది, ఆ ముక్కు గొంతుతో. నేను ఎంతో ఇష్టపడి రాసుకున్న వాక్యాలు. ఆ గొంతులో వింటే నాకే నవ్వొచ్చింది. అదీ వాళ్ల ప్రతిభ. నేను కాదనను.

అయినా రాయడం మానలేదు. మూడు పుస్తకాలు వచ్చాయి. మూడింటికీ నాన్న ముందుమాట. అది లేనిదే అచ్చేసేది లేదన్నారు ప్రచురణకర్తలు. మొదటి పుస్తకానికి ఆయన రాసిన ముందుమాటలో నేను సుద్దముక్క తిన్న సంగతి ఉంది, నా కథల సంగతి లేదు. పుస్తకం బాగుందన్నవాళ్లు "పులి కడుపున పిల్లి పుడుతుందా, పెద్దాయన చెయ్యి పడుంటుంది" అన్నారు. బాగోలేదన్నవాళ్లు "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటోంది" అన్నారు. మెచ్చుకుంటే ఆ మెప్పు ఆయనకి, తిడితే తిట్లు నాకు. సభలకి పిలిచి వేదిక మీద కూర్చోబెట్టేవాళ్లు. నేను రాసిన దాని గురించి ఒక్క ప్రశ్న అడిగి, మిగతావన్నీ "మీ నాన్నగారు ఇంట్లో కూడా అలాగే నవ్విస్తుంటారా?" అని.

మా ఆయన నన్ను పెళ్లి చేసుకుంది కూడా ఆ కాలమ్ చదివే. అదే పత్రికలో సబ్ ఎడిటరుగా చేరిన కొత్తలో, కాలమ్ తీసుకెళ్లడానికి మా ఇంటికి వస్తుండేవాడు. తలుపు తీస్తే, "మీరు వసపిట్ట కదూ," అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూసి, నన్ను చూసే అంత సంబరపడుతున్నాడనుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఎంతో ముద్దుగా ఒక కోరిక కోరాడు, ఒక్కసారి ఆ గొంతుతో మాట్లాడమని. అప్పుడు తెలిసింది ఈయన ఎవరితో కాపురం చేస్తున్నాడో. మామగారి పుణ్యమా అని ఆదివారం అనుబంధానికి పెద్ద అయ్యాడు. వచ్చిన ప్రతి అతిథి ముందు, "మా ఆవిడకేంటండీ, నోట్లో వెండి చెంచా కాదు, బంగారు పాళీతో పుట్టింది. మనలాగా కిందామీదా పడి రాయాలా?" అనేవాడు. అతిథులు వెళ్లాక ఆ కప్పులు కడిగేది బంగారు పాళీయే.

నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు నేను పాఠ్యపుస్తకాలు వేసే ఒక సంస్థలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేస్తున్నాను. "నీది చిన్న ఉద్యోగమేగా, మానెయ్. వాడికా తీరదు," అంది అమ్మ. వాడంటే అన్నయ్య. అన్నయ్య ఫోన్ చేసి, "మంచి నర్సుని పెట్టుకోండి, నేను పంపిస్తాను డబ్బులు," అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు, పాపం. అమ్మ ఒప్పుకోలేదు. "బయటి మనుషులు వస్తే ఆయన్ని ఆ స్థితిలో చూస్తారు. చూసి ఊరుకుంటారా, పదిమందికీ చెప్తారు. బట్టలు తడుపుకుంటున్నాడని తెలిస్తే ఆయన పరువేం కావాలి?" అంది.

నేను ఆవిడ మొహంలోకి చూశాను, ఏమన్నా తడుతుందేమోనని. ఏమీ తట్టలేదు.

ఉద్యోగం మానేశాను. మేమిద్దరం అమ్మావాళ్లింటికి మారిపోయాం. ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం, జావ తాగించడం, గడ్డం గీయడం, అన్నీ నేనే. అమ్మ ఈ వయసులోనూ ఊరూరా వేదికలెక్కి నాన్న పాత కాలమ్స్ చదువుతోంది కాబట్టి ఆవిడ గొంతుకి గోరువెచ్చని నీళ్లు కూడా నేనే. కాలమ్ సంగతి ఏంటన్నప్పుడు మా ఆయన క్షణం ఆలోచించలేదు. "నువ్వు రాసెయ్. నీకు ఆయన పద్ధతంతా తెలుసు. ఎవరు రాస్తే ఏంటి, ఇంట్లోదేగా," అన్నాడు. ఒంట్లో నలతగా ఉంది, ఆయన చెప్తుంటే నేను రాసిపెడుతున్నానని బయట అందరికీ చెప్పాం. అసలు సంగతి అమ్మకీ, మా ఆయనకీ, నాకే తెలుసు. ఆదివారం నేను రాసిందే నాన్నకి చదివి వినిపిస్తే, ఎడమ చేత్తో మంచం మీద తట్టి, "బాగా... రాశాను," అనేవాడు.

నా నవల ఒకటి ప్రచురణకర్త దగ్గర ఏడాదికి పైగా పడి ఉంది. అడిగినప్పుడల్లా, కాలమ్ స్వర్ణోత్సవం అవ్వనీ, ఆ సందడిలో చూద్దాం అనేవాడు.

ఆ స్వర్ణోత్సవం గురించి మాట్లాడ్డానికే ఎడిటరు ఒకరోజు ఇంటికొచ్చాడు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. ముందుగదిలో మాటలు వినపడుతున్నాయి.

"వసపిట్టకి యాభై దాటాయి కదా. పెద్దాయన ఇప్పటి వసపిట్ట మీద రాస్తే అదిరిపోతుంది," అన్నాడు ఎడిటరు. "అంటే, ఆ వయసులో ఆడవాళ్లకి ఉంటాయి కదా, ఆవిర్లు, మతిమరుపు, ఊరికూరికే కోపాలు... మా ఇంట్లోనూ చూస్తున్నాన్లెండి."

మా ఆయన నవ్వాడు. "మొన్న ఫ్రిజ్ తలుపు తీసి అందులో తలపెట్టి నిలబడింది సార్. ఏంటే అంటే మాట్లాడదు. అదొక్కటి రాసినా చాలు."

"ఆ ఫ్రిజ్ సంగతి నాకొదిలెయ్యండి," అంది అమ్మ. "హాలు దద్దరిల్లిపోవాలి."

ఆ రోజు ఒళ్లంతా సెగలు కమ్మి, ఊపిరాడక ఫ్రిజ్ దగ్గర నిలబడ్డాను. వెనకనించి మా ఆయన అడుగుల చప్పుడు విని, ఒక గ్లాసు నీళ్లిస్తాడేమో అనుకున్నాను. ఆయన చూసి, ఏంటని కూడా అడక్కుండా, పక్కనించి పాల గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు. చూసింది వృథా పోలేదన్నమాట.

టీ తీసుకుని గదిలోకి వెళ్లాను. "ఏమ్మా, మీ నాన్నగారు నీ గురించి ఇలా రాస్తే నీకేం అభ్యంతరం లేదుగా?" అన్నాడు ఎడిటరు కప్పు అందుకుంటూ. ఈ యాభై ఏళ్లలో ఎవరైనా నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

"నాకెందుకుంటుందండీ. నాన్నగారు రాస్తారు," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం, నాన్న నిద్రపోయాక రాయడానికి కూర్చున్నాను. ఇంత తేలిగ్గా ఎప్పుడూ రాయలేదు. యాభై ఏళ్లుగా నామీద తిరిగిన కత్తి అది. దానికి పిడి ఎక్కడో పదును ఎక్కడో నాకు తెలిసినంతగా నాన్నకి కూడా తెలీదు. ఎక్కడ ఆపితే జనం నవ్వడం మొదలెడతారో, ఏ మాట వెనక్కి పెడితే నవ్వు రెట్టింపవుతుందో, ఆయన పద్ధతిలోనే అక్షరం తేడా లేకుండా రాశాను. తేడా ఒక్కటే. నా గురించి ఆయన అబద్ధాలు కలిపాడు. ఆయన గురించి నేను ఏమీ కలపలేదు.

అమ్మకి ఒక నియమం ఉంది. కాలమ్‌ని ముందుగా చదివి చూసుకోదు. మొదటిసారి చదివేటప్పుడే గొంతులో తడి ఉంటుందంటుంది. అందుకని కవర్లో పెట్టి అంటించి ఇచ్చాను. ఆదివారం అనుబంధంలోకి వెళ్లాల్సిన కాపీ మా ఆయన చేతికిచ్చాను. "ఫ్రిజ్ పెట్టావా?" అన్నాడు. "ఫ్రిజ్ కంటే మంచిది పెట్టాను," అన్నాను. నా రాత ఏదైనా అచ్చయ్యేదాకా చదవడం ఆయనకి అలవాటు లేదు. సరే అని సంతకం పెట్టి అచ్చుకి పంపేశాడు. పేజీ చూడాల్సిన పని ఆయనదే.

శనివారం సాయంత్రం సభ. హాలు నిండిపోయి, గోడల వెంట కూడా నిలబడ్డారు. నాన్నకి ఇస్త్రీ చేసిన కోటు తొడిగి, జుట్టు దువ్వి, చక్రాల కుర్చీలో వేదిక మీద కూర్చోబెట్టింది నేనే. కాళ్ల మీద చిన్న దుప్పటి కప్పి కిందకి దిగి, మొదటి వరసలో మా ఆయన పక్కన కూర్చున్నాను. ఉపన్యాసాలయ్యాయి. పూలగుత్తులిచ్చారు. ఆఖర్న అమ్మ మైకు దగ్గరికి వచ్చి, కవరు చింపి, గొంతు సవరించుకుంది. చప్పట్లు ఆగేదాకా ఆగి, సభల్లో జనం అడిగేది అదే కాబట్టి, ఆ ముక్కు గొంతుతోనే మొదలెట్టింది.

"మా ఇంటి వసపిట్ట ఈమధ్య మళ్లీ చిన్నదైపోయింది. జావ తాగమంటే మూతి తిప్పుకుంటుంది. చెంచాని రైలుబండి చేసి కూత పెడితే గానీ నోరు తెరవదు."

హాలంతా నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, సగం మొహంతో.

"మొన్న పొద్దున పక్క తడిపింది. తడిపితే తడిపింది, ఎవరికీ తెలియకూడదని దుప్పటి ఉండచుట్టి తలగడ కింద కుక్కి, దానిమీద తలపెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కళ్లు మూసుకుంది. వాసన ఎక్కడినించి వస్తోందే అంటే, కిటికీలోంచి అని చేత్తో చూపించింది."

వెనక వరసల్లో ఎవరో ఈల వేశారు. అమ్మ చెయ్యి తిరిగిన మనిషి. నవ్వు సద్దుమణిగే సమయం చూసి అందుకుంది.

"ఇంతకీ అసలు సంగతి చెప్పడం మరిచాను. మా వసపిట్టకి గడ్డం ఉంది. రోజు విడిచి రోజు గీస్తాను. గీస్తుంటే ఏడుస్తుంది. పదిమందికీ తెలిసిన మనిషి కదా, ఏడుస్తూ కూడా అద్దంలో చూసుకుంటుంది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అమ్మకి అర్థం కాలేదు. కళ్లు కాగితం మీదనించి లేచి నాన్న మీదకి వెళ్లాయి. ముందు వరసల్లో నవ్వు తెగినట్టు ఆగిపోయింది. వెనకవాళ్లకి వేదిక సరిగ్గా కనపడక ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నాన్న ఎడమచెయ్యి మెల్లగా లేచి చెంప మీదకి వెళ్లింది, పొద్దున నేను గీసిన చోట. తర్వాత కాళ్లమీది దుప్పటి పైకి లాక్కుని మొహం మీద కప్పుకోవాలని చూశాడు. ఒక్క చేత్తో అది గడ్డం దాకానే వచ్చింది.

నాకు జాలి వెయ్యలేదంటే అబద్ధం. వేసింది. వేసినా లేచి వెళ్లలేదు.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "ఏం చేశావ్? ఏంటిది?" అంటున్నాడు పళ్ల మధ్యనించి. నేను అమ్మనే చూస్తున్నాను. ఆవిడ జీవితమంతా రేడియోలో బతికింది. మధ్యలో మాట ఆగితే కొంప మునిగినట్టేనని నేర్చుకున్న మనిషి. ఆపలేకపోయింది. చదివింది, కానీ ఆ ముక్కు గొంతు పోయింది. నేను ఎప్పుడూ వినని ఒక ముసలి గొంతు, ఆవిడ సొంత గొంతు, వణుకుతూ బయటికొచ్చింది.

"ఇది రాసింది వసపిట్ట నాన్న కాదు. ఆయన చెయ్యి పడిపోయి రెండేళ్లయింది. ఈ రెండేళ్లూ మీరు నవ్వింది నా రాతకి. అంతకుముందంతా మీరు నవ్వింది నామీద."

కింద నా పేరుంది. అమ్మానాన్నా పెట్టిన అసలు పేరు. అమ్మ దాన్ని చదవలేదు. కాగితం మడిచి మైకు పక్కన పెట్టేసింది. చదవకపోయినా నష్టం లేదు, అప్పటికే అచ్చయిపోతోంది. హాల్లో జనం నావైపు తిరిగారు. నన్ను చూసి ఒక్కరు కూడా నవ్వలేదు. అంతమంది, నవ్వకుండా నా మొహం చూడటం అదే మొదటిసారి.

తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆయన, "కన్నతండ్రిని నడిబజార్లో నిలబెట్టావు," అన్నాడు.

"ఆ బజారు నాకు కొత్త కాదు. ఏడేళ్లప్పట్నించీ అక్కడే నిలబడున్నాను. రోజూ అటునించే పోతుండేవారు, మీకు కనపడలేదు," అన్నాను.

వెనక సీట్లో నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్న అమ్మ ముందుకి వంగింది. "నాచేతే చదివించావే," అంది.

"నీకంటే బాగా ఎవరు చదువుతారమ్మా?"

ఆదివారం పొద్దున్నించీ ఫోన్లు. కడుపున చెడబుట్టిందన్నారు. తల్లిపాలు తాగి రొమ్ము గుద్దిందన్నారు. ఒకావిడ మాత్రం ఫోన్ చేసి, "చిన్నప్పుడు మా క్లాసులో మీ గౌను కథ చదివితే అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను," అని, ఇంకేం చెప్పకుండా పెట్టేసింది. అన్నయ్య చేసి ఏవేవో తిట్టి, చివర గొంతు తగ్గించి, "నా గురించి మాత్రం ఏం రాయకే," అన్నాడు. మంగళవారానికల్లా ఎడిటరు గొంతు మారిపోయింది. ఆ రోజు పేపర్లు ఎక్కడా మిగల్లేదట. జనం మళ్లీ వారం కోసం అడుగుతున్నారట.

"నీ పేరుతోనే వేస్తాను. రాస్తావా?" అన్నాడు.

"రాస్తాను. కానీ నేనేం రాస్తానో ముందుగా అడగకూడదు. మీ మనిషి చేత దిద్దించకూడదు," అన్నాను. మీ మనిషి అంటే మా ఆయన. ఒప్పుకున్నాడు. ప్రచురణకర్త కూడా తనంతట తనే ఫోన్ చేశాడు. నవల వేస్తానని, ముందుమాట ఎవరిచేత రాయిద్దామని అడిగాడు. ఎవరిదీ అక్కర్లేదన్నాను.

అమ్మని అడక్కుండానే నర్సుని పెట్టాను. ఇంక దాచుకోవడానికి ఏముంది? ఇంట్లో ఎవరూ నాతో ఏమీ అనడంలేదు. నేను గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి. అమ్మ మందు వేసుకునేటప్పుడు తలుపు దగ్గరికి వేసుకుంటోంది. మా ఆయన తిన్న కంచం తనే కడుక్కుంటున్నాడు, పెళ్లయిన ఇన్నేళ్లకి. కడిగి, నేను చూశానో లేదో చూసుకుంటున్నాడు. చిన్నప్పుడు ఈ ఇంట్లో ఉప్పు అడగడానికి నేనెంత భయపడ్డానో, ఇప్పుడు వీళ్లంతా అంత భయపడుతున్నారు. నాకు బాగుంది. దాచుకోవడమెందుకు, చాలా బాగుంది.

నాన్న మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒక పొద్దున, నర్సు ఆయన్ని ముందుగదిలో ఎండ పడేచోట కూర్చోబెట్టి వెళ్లింది. నేను పక్కన కుర్చీలో కూర్చుని రాసుకుంటున్నాను. ఆయన కాసేపు నా చేతివైపే చూసి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగాడు.

"నేను... అంత... అసహ్యంగా ఉన్నానా?"

"లేదు నాన్నా. పక్క తడిపినంత మాత్రాన ఎవరూ అసహ్యంగా ఉండరు. ఏడేళ్ల పిల్లయినా సరే."

ఆయన కళ్లు కిందికి దిగాయి. ఏమన్నా అంటాడేమోనని ఎదురుచూశాను. తప్పయిందనే మాట ఆయనకి రాదు. ఎప్పుడూ రాలేదు. ఎడమచేతి వేలితో గాల్లో గీత గీసినట్టు చేసి, "గడ్డం సంగతి... ముందు చెప్పకుండా... ఆపి చెప్పావు. అది... బాగుంది," అన్నాడు.

నా వాక్యం గురించి మా నాన్న నాతో అన్న మొదటి మంచిమాట అది. ఒకప్పుడు దానికోసం ఏమైనా ఇచ్చేదాన్ని. ఇప్పుడు విన్నాను, బాగుందనుకున్నాను, అంతే. కాగితం మీదకి వంగి మళ్లీ రాయబోయాను.

"వచ్చే వారం... ఏం రాస్తావు?" అన్నాడు నాన్న. ఆ గొంతులో బెదురు ఉంది.

"వచ్చే వారం మీ గురించి కాదు నాన్నా," అన్నాను.

ఎదురుగా సోఫాలో కూర్చున్న మా ఆయన, మొహానికి అడ్డంగా పట్టుకున్న పేపరుని మెల్లగా కిందికి దించాడు.